శంషాబాద్‌కు ఫ్లైట్ ఎలా ఎంచుకోవాలి, దిగాక ఊళ్లోకి ఎలా చేరాలి?

"శుక్రవారం రాత్రి లేట్ ఫ్లైట్ ఎనిమిది వందలు తక్కువకి వస్తోంది, తీసేయమంటావా?" విశాఖలో ఉన్న మా చుట్టాల్లో ఎవరో ఒకరు నెలకోసారైనా నన్నిలా అడుగుతారు. నేను ఎదురు అడిగేది ఒక్కటే. దిగాక ఎక్కడికెళ్లాలి? ఆ వేళకి ఎలా వెళ్తారు? అర్ధరాత్రి శంషాబాద్‌లో క్యాబ్ ఎక్కితే ఆ ఎనిమిది వందలు ఉప్పల్ దాకా కూడా రావు. అందుకే టికెట్ ధర ఒక్కటే చూసి ఫ్లైట్ ఎంచుకోకండి. దిగే టైము, దిగాక పట్టే ఖర్చు కలిపి చూడండి.

ఇక్కడ విశాఖ–హైదరాబాద్ ప్రయాణాన్ని ఉదాహరణగా తీసుకుని చెబుతున్నాను. గన్నవరం (విజయవాడ), రేణిగుంట (తిరుపతి), మధురపూడి (రాజమండ్రి) ఎయిర్‌పోర్టుల నుంచి వచ్చేవాళ్లకూ చాలావరకు ఇదే వరస.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- వెళ్లే అందరి ఆధార్ కార్డులు. పేరు స్పెల్లింగ్ కార్డు చూసి కొట్టాలి, గుర్తున్నది కొట్టకూడదు.
- రెండేళ్లలోపు పాప గానీ బాబు గానీ ఉంటే పుట్టిన తేదీ సర్టిఫికెట్.
- మీ దగ్గరే ఉండే ఫోన్ నంబరు. ఏజెంటు నంబరు ఇస్తే ఫ్లైట్ టైము మారిన మెసేజ్ ఆయనకు వెళ్తుంది, మీకు రాదు.
- హైదరాబాద్‌లో దిగాల్సిన చోటు పేరు, దగ్గర్లో అందరికీ తెలిసిన గుర్తు. "కూకట్‌పల్లి" అంటే చాలదు. జేఎన్‌టీయూ దగ్గరా, మూసాపేట దగ్గరా అన్నదాన్ని బట్టి దారే మారిపోతుంది.
- సామాను తూకం వేయడానికి ఏదో ఒక కాటా. బాత్రూమ్ కాటా అయినా సరే. బ్యాగుతో ఒకసారి, బ్యాగు లేకుండా ఒకసారి ఎక్కి తేడా చూసుకోండి.

1. అసలు ఫ్లైట్ అవసరమా, లెక్క వేయండి

గంటంబావు ఫ్లైటే కదా అనుకుంటాం. గుమ్మం నుంచి గుమ్మానికి లెక్క వేస్తే ఇలా ఉంటుంది. ఎంవీపీ కాలనీ నుంచి ఎన్‌ఏడీ దాటి ఎయిర్‌పోర్టుకు ముప్పావుగంట. అక్కడ గంటన్నర ముందుండాలి. గాల్లో గంటంబావు. దిగి, బ్యాగు వచ్చి, బయటపడేసరికి అరగంట. శంషాబాద్ నుంచి సికింద్రాబాద్‌కు గంటంబావు నుంచి గంటన్నర. మొత్తం అయిదున్నర గంటలు. వందే భారత్‌లో విశాఖ నుంచి సికింద్రాబాద్‌కు ఎనిమిదిన్నర గంటలు, అదీ ఊరి నడిబొడ్డున దించుతుంది. అంటే ఫ్లైట్‌తో కలిసొచ్చేది మూడు గంటలు. ఆ మూడు గంటలకు ఎంత పెట్టొచ్చో మీ ఇష్టం. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి నిద్రపోయి తెల్లారి దిగేవాళ్లకైతే ఆ మాత్రం కూడా కలిసిరాదు.

విజయవాడ వాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా చూసుకోవాలి. రోడ్డు మీద హైదరాబాద్ సుమారు 270 కిలోమీటర్లు. బస్సులో అయిదు గంటల్లో ఎల్‌బీ నగర్‌లో ఉంటారు. గన్నవరం వెళ్లి, ఫ్లైట్ ఎక్కి, శంషాబాద్‌లో దిగి ఎల్‌బీ నగర్ చేరేసరికి ఇంచుమించు అంతే పడుతుంది. హైదరాబాద్‌లో ఇంకో ఫ్లైట్ ఎక్కాలి అంటేనే గన్నవరం ఫ్లైట్‌కు అర్థం ఉందని నా అభిప్రాయం. తిరుపతి నుంచైతే వేరు, అక్కడ ఫ్లైట్ నిజంగానే ఒక పూట మిగులుస్తుంది.

2. దిగే టైము ముందు ఖాయం చేసుకోండి

చాలామంది బయల్దేరే టైము చూసి టికెట్ తీస్తారు. మీరు దిగే టైము చూడండి. నా అనుభవంలో శంషాబాద్‌కు దిగే వేళలు ఇలా ఉంటాయి:

- ఉదయం 8 లోపు దిగితే రోడ్లు ఖాళీ. కాకపోతే విశాఖలో తెల్లవారుజామునే లేవాలి.
- ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 దాకా అన్నిటికన్నా సుఖం. బస్సు దొరుకుతుంది, మెట్రో నడుస్తుంటుంది, ట్రాఫిక్ ఓ మోస్తరు.
- సాయంత్రం 5 నుంచి 8 మధ్య దిగితే గచ్చిబౌలి, హైటెక్ సిటీ వైపు వెళ్లేవాళ్లకు నరకం. ఔటర్ రింగ్ రోడ్డు మీద హాయిగా వచ్చేస్తారు, దిగాక ఆఫీసులు వదిలిన జనంలో ఇరుక్కుంటారు.
- రాత్రి 10 దాటితే మెట్రో ఆశ వదులుకోండి. చివరి రైళ్లు 11 ప్రాంతంలో అయిపోతాయి, మీరు బ్యాగు తీసుకుని స్టేషన్ చేరేలోపే గేట్లు మూసేస్తారు. ఇక క్యాబ్, లేదంటే అప్పుడొకటి అప్పుడొకటి వచ్చే ఎయిర్‌పోర్టు బస్సు పుష్పక్.

డిసెంబరు, జనవరిలో గన్నవరం, మధురపూడి నుంచి పొద్దున్నే మొదటి ఫ్లైట్ తీయకండి. పొగమంచు వల్ల హైదరాబాద్ నుంచి రావాల్సిన విమానం దిగలేక గాల్లో చక్కర్లు కొట్టడం, వెనక్కి వెళ్లిపోవడం అక్కడ ప్రతి చలికాలం చూసేదే. మీరెక్కేది ఆ విమానమే కాబట్టి మీదీ ఆలస్యమే. పది తర్వాతది తీసుకోండి. మిగతా నెలల్లో మాత్రం మొదటి ఫ్లైటే నమ్మకం. సాయంత్రానికి పొద్దుటి ఆలస్యాలన్నీ పోగుపడి ఉంటాయి.

3. ధరను చివరి పేజీలో పోల్చండి

వెతికినప్పుడు మొదట కనిపించే అంకె నమ్మకండి. బుకింగ్ సైట్లు డబ్బు కట్టే పేజీలో కన్వీనియన్స్ ఫీజు కలుపుతాయి. కొన్నిచోట్ల ఇన్సూరెన్స్, విరాళం లాంటివి ముందే టిక్ పెట్టి ఉంటాయి, తీసేయండి. సైట్లో వెతికి, అదే ఫ్లైట్‌ను ఆ ఎయిర్‌లైన్ సొంత సైటులో కూడా చివరి పేజీ దాకా తీసుకెళ్లి చూడండి. నూటయాభై, రెండొందలు తేడా ఉన్నా నేనైతే ఎయిర్‌లైన్ సైటులోనే తీస్తాను. రద్దయినప్పుడు డబ్బు కోసం ఇద్దరి చుట్టూ తిరిగే పని ఉండదు.

పేజీ చివర రెండు విషయాలు సరిచూడండి.

ఒకటి, చెక్-ఇన్ సామాను. దేశంలో తిరిగే ఎకానమీ టికెట్ల మీద చాలావరకు 15 కిలోలు, చేతిబ్యాగు 7 కిలోలు. కానీ కొన్ని చవక టికెట్లలో చేతిబ్యాగు మాత్రమే ఉంటుంది. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ "లైట్" టికెట్ అలాంటిదే. ఒక్కరే, ఒక్క రోజు పనికి వెళ్తే అది మంచి బేరం. సంక్రాంతికి పిండివంటలతో బయల్దేరేవాళ్లకు కాదు. కౌంటర్ దగ్గర సామానుకు కట్టే డబ్బు ముందే ఆన్‌లైన్‌లో కట్టేదానికన్నా ఎక్కువ.

రెండు, విమానం రకం. ఏటీఆర్ అని ఉంటే అది రెక్కల ముందు ఫ్యాన్లు తిరిగే చిన్న విమానం. భయపడాల్సిందేమీ లేదు, కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే. పైనుండే సామాను అర చిన్నది. పెద్ద ట్రాలీ పట్టదు, మెట్ల దగ్గరే తీసుకుని సామాన్ల గదిలో వేస్తారు. మందులు, లాప్‌టాప్ ఆ ట్రాలీలో పెట్టకండి.

4. తేదీని వేలు పెట్టి చదవండి

ఇది మా బావ చేసిన పొరపాటు. అప్పటినుంచి ఎవరు టికెట్ తీసినా నేను ఫోన్ చేసి మరీ అడుగుతున్నాను. ఆయన కూకట్‌పల్లి నుంచి ఢిల్లీ వెళ్లాలి. 15వ తేదీ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేశాడు.

"వెబ్ చెక్-ఇన్ అవ్వట్లేదురా, చూడు."

"ఫ్లైట్ ఎప్పుడు బావా?"

"ఈ రాత్రికే. పదిహేను, పన్నెండూ ఇరవైకి."

టికెట్ పంపమన్నాను. 15వ తేదీ, 00:20. అంటే 14 రాత్రి భోంచేసి బయల్దేరాల్సిన ఫ్లైట్. అది వెళ్లిపోయి అప్పటికి ఇరవై గంటలు. కొత్త టికెట్ పాతదానికి రెండింతలైంది.

అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజాము 4 మధ్య ఫ్లైట్ ఏదైనా సరే, టికెట్ మీది తేదీకి ముందు రోజు రాత్రి ఇంట్లో బయల్దేరాలి. క్యాలెండర్‌లో "14 రాత్రి 8:30, ఇంటినుంచి బయల్దేరడం" అని రాసుకోండి. ఫ్లైట్ టైము మాత్రమే రాసుకుంటే మళ్లీ అదే తప్పు చేస్తారు.

పనిలో పనిగా ఎయిర్‌పోర్టు పేరు కూడా చదవండి. హైదరాబాద్‌కు శంషాబాద్ ఒక్కటే, బేగంపేటకు 2008 మార్చి నుంచి మామూలు ప్రయాణికుల విమానాలు రావడం లేదు. మిగతా ఊళ్లు అలా కాదు. గోవాకు డబోలిం, మోపా రెండున్నాయి. ఉత్తర గోవాలో హోటల్ తీసుకుని డబోలింలో దిగితే క్యాబ్‌కు చాలా అవుతుంది. ముంబైకి నవీ ముంబై వచ్చింది. ఢిల్లీ టికెట్ల మధ్య ఘాజియాబాద్‌లోని హిండన్ కూడా కనిపిస్తుంది.

5. పేరు ఆధార్‌లో ఉన్నట్టే

మనవాళ్లందరికీ వచ్చే చిక్కు ఇది. ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లు. మన ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో ఒక్కోసారి పొడి అక్షరమే ఉంటుంది. ఇంటిపేరు లాస్ట్ నేమ్‌లో, మిగతాదంతా ఫస్ట్ నేమ్‌లో వేయండి. కార్డు మీద పొడి అక్షరమే ఉంటే ఆ అక్షరమే వేయండి. లాస్ట్ నేమ్ ఒక్క అక్షరంతో ఒప్పుకోకపోతే పేరును రెండుగా విడగొట్టండి: వెంకట ఒక గడిలో, రమణ ఇంకో గడిలో. వరస తారుమారైనా గేటు దగ్గర పెద్దగా పట్టించుకోరు. స్పెల్లింగ్ తేడా వస్తేనే ఆపుతారు. లక్ష్మిలో ఎక్స్ ఉందా, కేఎస్‌హెచ్ ఉందా అని కార్డు చూసి కొట్టండి.

తప్పు పడితే ఆ రోజే సరిచేయించుకోండి. ఎయిర్‌లైన్ సైటులో నేరుగా తీసిన టికెట్‌లో పేరు తప్పును 24 గంటల్లోపు చెబితే రుసుము లేకుండా సరిచేయాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ఉంది. అదే మనిషి పేరులో అక్షరాలు సరిచేయడమే సుమా. ఒకరి టికెట్ ఇంకొకరి పేరు మీదకు మారదు.

కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతక్కండి. అక్కడ దొంగ నంబర్లు పెట్టి ఓటీపీ అడిగేవాళ్లు ఉన్నారు. నంబరు ఎయిర్‌లైన్ సైటులోంచే తీసుకోండి.

6. టికెట్ నిజంగా వచ్చిందా, ఇలా చూడండి

డబ్బు కట్ అయినంత మాత్రాన టికెట్ వచ్చినట్టు కాదు. ఆరక్షరాల బుకింగ్ నంబరు (పీఎన్‌ఆర్) తీసుకుని ఎయిర్‌లైన్ సొంత సైటులో వేసి చూడండి. మీ పేరు, తేదీ, కన్‌ఫర్మ్‌డ్ అన్న మాట కనిపించాలి. ఏజెంటు వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ చూసి సంబరపడకండి. ప్రయాణానికి వారం ముందొకసారి, ముందు రోజొకసారి మళ్లీ చూడండి. టైములు మారుతుంటాయి.

విశాఖ నుంచి హైదరాబాద్ మీదుగా ఇంకెక్కడికైనా వెళ్తుంటే రెండు ఫ్లైట్లూ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉన్నాయేమో చూసుకోండి. విడివిడిగా తీస్తే చవకగా వస్తుంది నిజమే. కానీ మొదటిది ఆలస్యమై రెండోది పోతే ఎవరిదీ పూచీ కాదు, బ్యాగు కూడా మీరే తీసుకుని మళ్లీ ఇవ్వాలి. తప్పదంటే మధ్యలో మూడు గంటలైనా ఉంచుకోండి.

7. సామాను, పచ్చళ్లు

ఆవకాయ, గోంగూర, నెయ్యి చేతిబ్యాగులో పెట్టకండి. సెక్యూరిటీ దగ్గర తీయించేస్తారు, అమ్మ పెట్టిన సీసా మీ కళ్ల ముందే చెత్తబుట్టలో పడుతుంది. చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. గాజు సీసా వద్దు. మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బా, మూత చుట్టూ టేపు, దాని మీద రెండు కవర్లు, ఆ పైన పాత లుంగీ. డబ్బా అంచు దాకా నింపకండి. ముందు రోజు రాత్రి ఆ మూటను పళ్లెంలో బోర్లించి ఉంచండి. పొద్దున్నే పళ్లెం మీద నూనె మరక లేకపోతే బ్యాగులోకి. ఉంటే మళ్లీ కట్టండి.

ఎండు కొబ్బరి ఏ బ్యాగులోనూ ఒప్పుకోరు. నూనె ఎక్కువ కాబట్టి మండే సరుకు కింద లెక్క. శుభకార్యానికి తీసుకెళ్తున్నామని చెప్పినా వినరు, హైదరాబాద్‌లో కొనుక్కోండి. పవర్ బ్యాంకు సంగతి వేరు, అది చేతిబ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్‌లో ఉంటే బ్యాగు తెరిపిస్తారు. అగ్గిపెట్టె, లైటర్ ఎక్కడా వద్దు.

పూతరేకులు, కాజాలు, తిరుపతి లడ్డూ చేతిలో తీసుకెళ్లొచ్చు. పూతరేకుల్ని చెక్-ఇన్‌లో వేస్తే అక్కడ తెరిచేసరికి పొడి మిగులుతుంది.

8. ఎక్కే రోజు

వెబ్ చెక్-ఇన్ సాధారణంగా 48 గంటల ముందు తెరుచుకుంటుంది. సీటుకు డబ్బు అడుగుతుంది, కట్టక్కర్లేదు. వదిలేస్తే ఏదో ఒక సీటు వాళ్లే ఇస్తారు. చిన్నపిల్లలతోనో పెద్దవాళ్లతోనో వెళ్తూ పక్కపక్కనే కూర్చోవాలంటే మాత్రం ఆ డబ్బు దండగ కాదు.

ముఖం చూపించి గేటు దాటే డిజియాత్ర యాప్ సదుపాయం శంషాబాద్, గన్నవరం, విశాఖ మూడింట్లోనూ ఉంది. ఆధార్‌తో ఒకసారి నమోదు చేసుకోవాలి. ప్రతి ప్రయాణానికీ బోర్డింగ్ పాస్ అప్‌లోడ్ చేయాలి, చాలామంది మరిచిపోయేది ఇదే. పాత నమోదు ఉంది కదా అని గేటు దగ్గర ముఖం చూపిస్తే తలుపు తెరుచుకోదు. ఇష్టం లేకపోతే మామూలు లైను ఎప్పుడూ ఉంటుంది, ఆధార్ చూపించి వెళ్లొచ్చు. ఫోన్ గ్యాలరీలో ఉన్న ఆధార్ ఫొటో కాదు. కార్డు గానీ, ఎంఆధార్, డిజీలాకర్‌లో తెరిచిందైనా గానీ ఉండాలి.

బ్యాగు ఇచ్చే కౌంటర్ ఫ్లైట్‌కు 60 నిమిషాల ముందు మూసేస్తారు. బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందు. 59వ నిమిషంలో వెళ్లి బతిమాలితే జాలిపడతారేమో గానీ బ్యాగు తీసుకోరు.

ఫ్లైట్ రెండు గంటలు దాటి ఆలస్యమైతే ఇలాంటి చిన్న ప్రయాణాలకు తినడానికి, తాగడానికి ఇవ్వాలి. ఆరు గంటలు దాటే ఆలస్యమైతే ఇంకో ఫ్లైట్ గానీ పూర్తి డబ్బు గానీ మీరు అడగొచ్చు. ఎవరూ పిలిచి ఇవ్వరు. కౌంటర్ దగ్గరకెళ్లి అడగాలి. అడిగిన టైము, బోర్డు మీది ఆలస్యం ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల సైటు ఎయిర్‌సేవలో ఫిర్యాదు చేయాల్సి వస్తే అవే ఆధారం.

9. శంషాబాద్‌లో దిగాక

బెల్టు నంబరు తెర మీద మీ ఫ్లైట్ నంబరు పక్కన కనిపిస్తుంది. అందరివీ నల్ల ట్రాలీలే, హ్యాండిల్‌కు ముందే ఎర్ర గుడ్డముక్క కట్టుకోండి. బ్యాగు తీయగానే ట్యాగు నంబరు సరిచూడండి. చక్రం విరిగినా, బ్యాగు రాకపోయినా అక్కడే ఎయిర్‌లైన్ వాళ్ల దగ్గర రాయించండి. బయటికొచ్చాక చెబితే మీ మాట చెల్లదు.

క్యాబ్ బుక్ చేయడానికి తొందరపడకండి. బ్యాగు చేతికొచ్చాకే చేయండి. బెల్టు దగ్గరే బుక్ చేస్తే డ్రైవర్ ముందొచ్చేసి వెయిటింగ్ చార్జీ మొదలవుతుంది.

10. బస్సా, క్యాబా

నా లెక్క సింపుల్. ఒకరు లేదా ఇద్దరు, పగటి పూట, చెరో బ్యాగు అయితే పుష్పక్. ముగ్గురు దాటితేనో, పెద్దవాళ్లుంటేనో, అర్ధరాత్రి అయితేనో క్యాబ్. నలుగురి పుష్పక్ టికెట్లు కలిపితే చాలాచోట్లకు క్యాబ్ ధరకు దగ్గరికొస్తుంది. ఎయిర్‌పోర్టులోకి మెట్రో గానీ రైలు గానీ లేవు, ఎవరైనా ఉందని చెబితే నమ్మకండి.

11. పుష్పక్ ఎక్కేవాళ్లకు

తెలంగాణ ఆర్టీసీ ఏసీ బస్సులు ఇవి. రాత్రీ పగలూ తిరుగుతాయి, అర్ధరాత్రి దాటాక ఎడం ఎక్కువ. అరైవల్స్ నుంచి బయటికొచ్చి బస్సు బొమ్మ ఉన్న బోర్డుల వెంట వెళ్లండి. మూడు దారులు గుర్తుపెట్టుకుంటే చాలు:

- ఔటర్ మీదుగా గచ్చిబౌలి, హైటెక్ సిటీ, జేఎన్‌టీయూ వైపు.
- ఆరాంఘర్, మెహదీపట్నం మీదుగా ఊరి మధ్యకు, సికింద్రాబాద్ వైపు.
- చాంద్రాయణగుట్ట, ఎల్‌బీ నగర్, ఉప్పల్ మీదుగా సికింద్రాబాద్ వైపు.

ఇక్కడే అసలు పొరపాటు జరుగుతుంది. బోర్డు మీద "సికింద్రాబాద్" చూసి ఎక్కేస్తారు. ఒకటి మెహదీపట్నం మీదుగా, ఇంకొకటి ఉప్పల్ మీదుగా. తార్నాకలో దిగాల్సినవాళ్లు బేగంపేట దాకా తిరిగొస్తారు. "సికింద్రాబాద్ వెళ్తుందా?" అని అడగకండి, "తార్నాక మీదుగానా?" అని అడగండి. ఆర్టీసీ వాళ్ల గమ్యం యాప్ పెట్టుకుంటే బస్సు ఎక్కడుందో కనిపిస్తుంది.

ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం పుష్పక్‌లో వర్తించదు. మా పెద్దమ్మ ఆధార్ చూపించి కాసేపు వాదించింది కూడా. అది పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకే, అదీ తెలంగాణ చిరునామా ఉన్నవాళ్లకే.

బస్సు, మెట్రో కలపాలంటే ఎల్‌బీ నగర్‌లో దిగి మియాపూర్ వెళ్లే ఎర్ర లైను పట్టుకోండి. దిల్‌సుఖ్‌నగర్, కోఠి, అమీర్‌పేట అన్నీ దాని మీదే. ఐటీ వైపు నుంచి వస్తే రాయదుర్గం దగ్గర నీలం లైను. రెండు పెద్ద సూట్‌కేసులుంటే ఈ ఆలోచన మానుకోండి.

12. క్యాబ్ ఎక్కేవాళ్లకు

లోపలే "క్యాబ్ కావాలా సార్?" అంటూ పక్కనే నడిచేవాళ్లుంటారు. తల ఊపకుండా నడవండి. యాప్‌లో గానీ, బోర్డు ఉన్న ప్రీపెయిడ్ కౌంటర్‌లో గానీ తీసుకోండి. రెండింట్లో ధర చూసి ఏది తక్కువైతే అది. వాన పడుతున్నప్పుడు యాప్ ధరలు ఎగిరిపోతాయి, అప్పుడు కౌంటరే నయం.

- యాప్ చూపించే పికప్ చోటికి మీరే నడవాలి. ఫోన్ చేసి "బయటే ఉన్నాను రండి" అంటే డ్రైవర్ రాలేడు.
- బండి నంబరు సరిచూసి, సామాను డిక్కీలో పెట్టి, కూర్చున్నాకే ఓటీపీ చెప్పండి.
- "క్యాన్సిల్ చేయండి, క్యాష్ ఇస్తే దించుతా" అంటే ఒప్పుకోకండి. ఆ తర్వాత దారి తప్పినా, డబ్బు ఎక్కువ అడిగినా అడగడానికి ఎవరూ ఉండరు.
- టోల్ విడిగా అడిగితే బిల్లు తెరిచి చూడండి. అందులో కలిసి ఉంటే రెండోసారి ఇవ్వక్కర్లేదు.

దారి కూడా చెప్పగలగాలి. మెహదీపట్నం, బంజారాహిల్స్ వైపైతే ఆరాంఘర్ నుంచి పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే, పదకొండున్నర కిలోమీటర్ల ఫ్లైఓవర్, సిగ్నళ్లు లేవు. మెహదీపట్నంలో దిగిన చోటే మళ్లీ ట్రాఫిక్ మొదలు. గచ్చిబౌలి, కొండాపూర్ వైపైతే ఔటర్. ఉప్పల్, నాచారం వాళ్లు మ్యాప్‌లో రెండు దారులూ చూసి, తక్కువ టైము చూపించేది ఎక్కడానికి ముందే డ్రైవర్‌కు చెప్పండి. సగం దూరం వెళ్లాక వాదించి లాభం లేదు.

13. ఊళ్లోకి కాకుండా జిల్లాలకు వెళ్లేవాళ్లు

హైదరాబాద్ మధ్యకు రానే వద్దు. మహబూబ్‌నగర్, కర్నూలు వైపైతే ఆరాంఘర్‌లో బస్సు దొరుకుతుంది. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపైతే ఎల్‌బీ నగర్. వరంగల్‌కు ఉప్పల్. కరీంనగర్, సిద్దిపేట, నిజామాబాద్‌కు జేబీఎస్ (సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్ స్టేషన్). ఊరి మధ్యలోని పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌కు వెళ్లి మళ్లీ ఇటే రావడం అంటే గంటన్నర పోగొట్టుకోవడం.

14. మిగతా ఊళ్లలో ఒక్క ముక్కలో

బెంగళూరు ఎయిర్‌పోర్టు ఊరికి చాలా దూరం. క్యాబ్ కన్నా వాయువజ్ర బస్సు మేలు, ఊరి మధ్యలోని మెజెస్టిక్ బస్టాండుకు కేఐఏ-9 నంబరు బస్సు. చెన్నైలో ఎయిర్‌పోర్టులోనే మెట్రో స్టేషన్ ఉంది, సెంట్రల్ దాకా నేరుగా వెళ్లొచ్చు. ఢిల్లీలో మూడో టెర్మినల్ నుంచి ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రోలో న్యూఢిల్లీ స్టేషన్‌కు ఇరవై నిమిషాలు.  ఢిల్లీ మొదటి టెర్మినల్ మాత్రం మిగతా రెంటికీ దూరంగా ఉంటుంది, తిరుగు ప్రయాణంలో టికెట్ మీద టెర్మినల్ నంబరు చూడకుండా బండి ఎక్కకండి.

15. తిరుగు ప్రయాణం

ఇంటి నుంచి శంషాబాద్‌కు మ్యాప్ ఇప్పుడు చూపించే టైము కాదు, మీరు బయల్దేరే గంటకు పట్టే టైము చూడండి. మ్యాప్‌లో బయల్దేరే వేళ పెట్టుకునే వీలుంది. దానికి అరగంట కలపండి. సోమవారం ఉదయం, శుక్రవారం సాయంత్రం అయితే ముప్పావుగంట. పుష్పక్‌లో వెళ్తే మీ స్టాపుకు వచ్చే బస్సు పోయినా తర్వాతది అందుకునేంత వ్యవధి ఉంచుకోండి. ఫ్లైట్‌కు రెండు గంటల ముందు శంషాబాద్ డిపార్చర్స్ తలుపు దగ్గర ఉంటే బ్యాగు ఇచ్చి, సెక్యూరిటీ దాటి, గేటు దగ్గర టీ తాగేంత టైము మిగులుతుంది. టీ మాత్రం ఇంట్లోనే తాగి రండి, అక్కడి ధరకు బయట నలుగురం తాగొచ్చు.